మిగిలిన బట్టముక్కలతో పసిపిల్లలకి బిబ్ కుట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

బ్లౌజు కుట్టగా మిగిలిన కాటన్ ముక్క, పాత తువ్వాలు, జానెడు వెల్క్రో ఉంటే బిబ్, అంటే చొంగ, అన్నం చొక్కా మీద పడకుండా పసిపిల్లల మెడకి కట్టే గుడ్డ, తయారవుతుంది. కొత్తగా కుడుతున్నవాళ్లకి ఎక్కువగా వచ్చే సందేహాలు ఇక్కడ ఉన్నాయి. ఏ ప్రశ్న దగ్గర్నుంచి మొదలుపెట్టినా అర్థమవుతుంది. విడిగా చెప్పనిచోట కొలతలన్నీ అంగుళాల్లో ఇచ్చాం.

## బట్ట ఎంచుకునేటప్పుడు

బీరువా నిండా రకరకాల ముక్కలున్నాయి. వేటితో కుట్టొచ్చు, వేటిని పక్కన పెట్టాలి?

ముక్కని ఒకసారి ఉతికి ఆరబెట్టి, దాని మీద ఒక చుక్క నీళ్లు వేయండి. వెంటనే ఇంకిపోతే అది బిబ్‌కి పనికొస్తుంది. పూసలా పైనే నిలబడితే చొంగ కూడా అలాగే జారి పాపాయి చొక్కా మీద పడుతుంది. ఉతక్కుండా చూస్తే కొత్త బట్టకుండే గంజి వల్ల మంచి కాటన్ కూడా నీళ్లు పట్టనట్టే కనిపిస్తుంది. మెత్తని కాటన్ బ్లౌజు ముక్కలు, కాటన్ చుడీదార్ కటింగ్‌లో మిగిలినవి, పాత లుంగీ, ఫ్లానెల్ బాగుంటాయి. జార్జెట్, క్రేప్, శాటిన్, పట్టు వద్దు. జరీ అంచు, చమ్కీలు, అద్దాలు, మెరుపు పొడి అంటించిన ప్రింటు ఎంత ముద్దొచ్చినా వద్దు. జరీ గడ్డం కింద గీరుతుంది, మిగతావి ఊడి నోట్లోకి పోతాయి.

ఇది కాటనో పాలిస్టరో తెలియడం లేదు. ఎలా కనిపెట్టాలి?

అంచు నుంచి నాలుగైదు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని, వంటింటి సింకు మీద అగ్గిపుల్లతో అంటించండి. కాటన్ అయితే కాగితం కాలిన వాసన వచ్చి, ముట్టుకుంటే రాలిపోయే బూడిద మిగులుతుంది. పాలిస్టర్ అయితే ముడుచుకుని కరిగి, చివర గట్టి ఉండ కడుతుంది. బూడిదలో చిన్న చిన్న ఉండలు తగిలితే అది కలగలుపు బట్ట. స్కూల్ యూనిఫాం టెర్రీకాటన్ చాలావరకు ఇలాంటిదే. మన్నుతుంది కానీ తడి పీల్చదు.

ఎర్ర రంగు ముక్క రంగు వదులుతోంది. ఉప్పు నీళ్లలో నానబెడితే ఆగుతుందని మా అత్తగారు అంటున్నారు. నిజమేనా?

ఉప్పు బట్టకి రంగు వేసేటప్పుడు అద్దకం తొట్టిలో పనిచేస్తుంది. అద్దేసిన బట్టలో సరిగ్గా పట్టని రంగుని ఇంట్లో ఉప్పు నీళ్లు పట్టి ఉంచలేవు. అసలు మందు ఆ వదులు రంగు మొత్తం పోయేదాకా ఉతకడమే. నాలుగైదు సార్లు విడిగా ఉతికాక, తడి ముక్క మీద తెల్ల చేతిరుమాలు పరిచి వేడి ఇస్త్రీపెట్టెతో పది సెకన్లు ఒత్తండి. రుమాలుకి రంగు అంటకపోతే కుట్టుకోవచ్చు. అప్పటికీ అంటుతుంటే ఆ ముక్కని దిండు గలీబుకి వాడుకోండి. పిల్లలు బిబ్ అంచుని రోజంతా నములుతూనే ఉంటారు కాబట్టి ఈ విషయంలో రాజీ పడొద్దు. అద్దకం బట్టలు, ముదురు నీలం, మెరూన్ ఏవైనా ఈ పరీక్ష తప్పనిసరి.

కుట్టేముందు ఉతకడం అవసరమా? ఎలాగూ తర్వాత ఉతుకుతాం కదా?

అవసరమే. కాటన్ మొదటి ఉతుకులో నూటికి 3 నుంచి 5 వంతులు కుంచించుకుపోతుంది. టర్కీ బట్ట (స్నానపు తువ్వాళ్ల నూగు బట్ట) ఇంకా ఎక్కువే కుంచించుకుంటుంది. రెంటినీ ఉతక్కుండా కలిపి కుడితే మొదటి ఉతుకు తర్వాత టర్కీ ఒక పక్కకి లాగి, బిబ్ అంచులు అప్పడంలా పైకి లేస్తాయి. అప్పుడు దాన్ని సరిచేసే దారి లేదు. ముందుగా వేడినీళ్లలో అరగంట నానబెట్టి, ఉతికి, ఆరాక ఇస్త్రీ చేసి, అప్పుడు కత్తిరించండి.

నానమ్మ కాటన్ చీర ఉంది. చాలా మెత్తగా ఉంది కానీ పాతది. ఆగుతుందా?

వెలుతురుకి ఎత్తిపట్టి చూడండి. నేత సమంగా కనబడితే పైబట్టగా వాడొచ్చు. అక్కడక్కడ పలచబడి వెలుగు దూసుకొస్తుంటే అలాంటి చోటు కుట్టు దగ్గర చిరుగుతుంది. పలచబడ్డ భాగాన్ని పారేయకుండా రెండు మడతలు చేసి మధ్య పొరగా పెట్టండి. అలా నలిగిన పాత కాటన్ కొత్త బట్ట కంటే త్వరగా తడి పీలుస్తుంది.

వెనక వైపుకి ఏ బట్ట వేయాలి?

అన్నం తినే పిల్లలకి టర్కీ, చొంగ మాత్రమే కారే పిల్లలకి ఫ్లానెల్ లేదా రెండు పొరల పాత కాటన్. టర్కీ కోసం కొత్త బట్ట కొనక్కర్లేదు. అంచులు చిరిగిన స్నానపు తువ్వాలు మధ్యభాగం చాలు. అదీ లేకపోతే సికింద్రాబాద్ జనరల్ బజార్లో, కోఠి సుల్తాన్ బజార్లో టర్కీ బట్ట, వెల్క్రో, టేపు వెతుక్కోవచ్చు. వెల్క్రో అయితే ఇంటి దగ్గర మ్యాచింగ్ సెంటర్లోనూ అడిగి చూడండి. మరీ మందపు టర్కీ కొనకండి, ఇంటి మిషన్ పాదం కింద ఇరుక్కుంటుంది.

లోపల ప్లాస్టిక్ షీటు వేస్తే చొక్కా తడవదు కదా?

తడవదు, కానీ ఏప్రిల్, మే ఎండల్లో ప్లాస్టిక్ కింద గాలి ఆడక పాపాయి ఛాతీ మీద చెమటకాయలు లేస్తాయి. పైగా దాని మీద ఇస్త్రీ పెట్టలేం, సూది పడ్డ ప్రతి రంధ్రం నుంచీ నీళ్లు దిగుతాయి. మధ్యలో పాత బనియన్ బట్ట ఒక పొర వేసి, తడిసినప్పుడల్లా బిబ్ మార్చడమే మేలు.

## కొలతలు, కటింగ్

పేపర్ కటింగ్ నేనే గీసుకోవచ్చా? 6 నుంచి 12 నెలల పాపకి కొలతలు చెప్పండి.

పాత న్యూస్‌పేపర్ మీద 8 అంగుళాల వెడల్పు, 13 అంగుళాల పొడవు గీసి, నిలువుగా మధ్యకి మడవండి. ఇప్పుడు మీ ముందు 4 × 13 పట్టీ ఉంటుంది. మడత ఎడమ చేతి వైపు ఉంచుకోండి.

మడత గీత మీద పైనుంచి 1.5 అంగుళాల దగ్గర ఒక చుక్క, 6 అంగుళాల దగ్గర ఇంకో చుక్క పెట్టండి. మెడ పైభాగం, కింది భాగం ఇవే. ఈ రెంటికీ సరిగ్గా మధ్యలో, అంటే పైనుంచి 3.75 దగ్గర, మడత నుంచి కుడికి 2 అంగుళాల్లో మూడో చుక్క. మూడింటినీ కలుపుతూ సగం గుడ్డు ఆకారం గీయండి. ఆ గీతకి బయటగా 1.5 అంగుళాల దూరంలో మెడ పట్టీ బయటి గీత వస్తుంది. అది కిందికి దిగుతూ పక్క అంచులో మెల్లగా కలిసిపోవాలి. కింది మూలకి టీ కప్పు సాసర్ పెట్టి గుండ్రం చేయండి.

మెడ పట్టీ పై కొస మడత దాకా రాకూడదు. పావు అంగుళం ఇవతలే ఆపి, కొసని గుండ్రం చేయండి. పేపర్ విప్పితే మెడ వెనక రెండు కొసల మధ్య అర అంగుళం ఖాళీ ఉంటుంది. ఇప్పటిదాకా గీసింది కుట్టు గీత. కత్తిరించేటప్పుడు చుట్టూ పావు అంగుళం కుట్టు మడత అదనంగా వదలండి. ముక్క మొత్తం 8.5 × 13.5 వస్తుంది. కొసలు 1.25 అంగుళాలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే మెడ చుట్టుకొలత సుమారు 11.5 అంగుళాలు తేలుతుంది.

మూడు నెలల బాబుకి, ఏడాది దాటిన పాపకి అదే సైజు సరిపోతుందా?

సరిపోదు. మూడు నెలల బాబుకి మెడ గుడ్డు ఆకారం 3.5 వెడల్పు, 4 ఎత్తు, కింద ఛాతీ భాగం 5 అంగుళాలు చాలు. అంతకంటే పొడుగుంటే ఒళ్లో పడుకున్నప్పుడు బిబ్ మూతి మీదికి మడతపడుతుంది. ఏడాది దాటాక మెడ 4.5 × 5, ఛాతీ భాగం వెడల్పు 10, పొడవు 9 అంగుళాలు పెట్టండి. తానే స్పూను పట్టుకునే వయసు కాబట్టి ఒడిలో పడేది ఎక్కువ. మీరు పేపర్ కోసినాక మెత్తని టేపుతో పాపాయి మెడ కొలిచి, దానికి 1.5 నుంచి 2 అంగుళాలు కలిపి పోల్చుకుంటే తప్పు పోదు.

ఎంత బట్ట పడుతుంది?

6 నుంచి 12 నెలల సైజుకి ముందు, వెనక చెరొక 8.5 × 13.5 ముక్క. 44 అంగుళాల పన్నా (వెడల్పు) ఉన్న 80 సెంటీమీటర్ల బ్లౌజు పీసు కత్తిరించకుండా ఉంటే 10 ముందు ముక్కలు వస్తాయి. 30 × 60 టర్కీ తువ్వాలు నుంచి 12 వెనక ముక్కలు.

నా దగ్గరున్న ముక్కలు అంత పెద్దవి కావు. అతుకు వేయొచ్చా?

వేయొచ్చు, అతుకు పడే చోటు చూసుకోండి. ఛాతీ మీద అడ్డంగా గానీ నిలువుగా గానీ ఎక్కడైనా పర్వాలేదు. మెడ పట్టీల్లో మాత్రం అతుకు వద్దు, లావెక్కి మెడకి ఒత్తుకుంటుంది. అతికే ముక్కలు ఒకే మందం ఉండాలి. అన్నిట్లో నిలువు పోగు ఒకే దిక్కున రావాలి. ఒకటి క్రాస్‌లో పడితే అది సాగి బిబ్ మెలి తిరుగుతుంది. నాలుగు చేనేత కాటన్ ముక్కలు, ఒక పోచంపల్లి ఇక్కత్ పట్టీ కలిపి అతికిన బిబ్ అంగట్లో కొన్నవాటికంటే ఎంతో బాగుంటుంది.

టర్కీ కత్తిరించగానే పోగులన్నీ రాలిపోతున్నాయి. ఏం చేయాలి?

ముక్కని కోయకముందే కుట్టండి. టర్కీ మీద ముందు బట్ట పరిచి, కుట్టు గీత మీద మిషన్ వేసి, ఆ తర్వాత చుట్టూ అదనం కత్తిరిస్తే పోగులు సగానికి సగం తగ్గుతాయి. ఇలా చేసేటప్పుడు ముందు ముక్కని మాత్రం సరైన సైజుకి కోసి, టర్కీని అన్ని వైపులా అంగుళం పెద్దగా ఉంచాలి.

## కుట్టేటప్పుడు

ఏ వరసలో కుట్టాలి?

ముందు బట్ట, టర్కీ సీదా వైపులు (చివరికి బయటికి కనిపించాల్సిన వైపులు) ఒకదానికొకటి తగిలేలా పరవండి. మధ్య పొర ఉంటే అది ముందు బట్ట ఉల్టా వైపు పైన వస్తుంది. గుండుసూదులు లెక్కపెట్టి గుచ్చండి, తీసేటప్పుడు మళ్లీ లెక్కపెట్టండి. పసిపిల్లల బట్టలో ఒక్క సూది మిగిలినా ప్రమాదమే.

పక్క అంచులో తిన్నగా ఉన్నచోట 3 అంగుళాలు వదిలి మొదలుపెట్టి, పావు అంగుళం లోపల చుట్టూ కుట్టుకు రండి. మొదట, చివర మూడు నాలుగు కుట్లు వెనక్కి వేసి బిగించండి. వంపుల దగ్గర గాట్లు పెట్టి, వదిలిన సందులోంచి సీదా వైపు బయటికి లాగండి. పట్టీల కొసలు పెన్సిల్ మొద్దు వైపుతో తోయండి. కత్తెర మొన వాడితే కుట్టు చీలుతుంది. ఇస్త్రీ చేసి, వదిలిన సందు అంచులు లోపలికి మడిచి, అంచు నుంచి అంగుళంలో ఎనిమిదో వంతు దూరంలో చుట్టూ పై కుట్టు వేస్తే సందు కూడా మూసుకుంటుంది. వెల్క్రో చివర్లో.

ఏ సూది, ఏ దారం?

ఇంటి మిషన్‌కి కాటన్ మాత్రమే అయితే 14 నంబరు సూది, టర్కీ ఉంటే 16. కుట్టు పొడవు 2.5 మిల్లీమీటర్లు, పై కుట్టుకి 3. దారం స్పన్ పాలిస్టర్ తీసుకోండి. తరచూ ఉతికే బట్టకి పలచని కాటన్ దారం ఆగదు.

కుట్టు చివరికి వచ్చేసరికి పై బట్ట ముందుకు జరిగి టర్కీ కంటే అర అంగుళం ఎక్కువ మిగులుతోంది. ఎందుకు?

పాదం కింద ఉండే మిషన్ పళ్లు కింది పొరని లాగుతాయి, పాదం పై పొరని ముందుకు నెడుతుంది. టర్కీ ఉన్నప్పుడు ఈ తేడా ఎక్కువ. టర్కీని కింద, పళ్ల వైపు పెట్టి కుట్టండి. గుండుసూదులు ప్రతి అంగుళంన్నరకి ఒకటి, అంచుకి అడ్డంగా గుచ్చండి. మీ మిషన్లో పాదం ఒత్తిడి మరకి ఉంటే రెండు చుట్లు వదులు చేయండి. ఇంకా జరుగుతుంటే చేత్తో కచ్చా కుట్టు (తర్వాత తీసేసే పొడుగు కుట్టు) వేసుకుని తర్వాత మిషన్ మీద పెట్టండి. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది కానీ విప్పి మళ్లీ కుట్టే బాధ తప్పుతుంది.

కింద దారం గుత్తులు గుత్తులుగా చిక్కుపడుతోంది. బాబిన్ పాడైందా?

చాలాసార్లు తప్పు బాబిన్‌ది కాదు, పై దారానిది. పాదం దించి ఉన్నప్పుడు దారం ఎక్కిస్తే అది దారాన్ని బిగించే టెన్షన్ పళ్లాల మధ్య కూర్చోదు, బిగింపు లేక కింద పోగవుతుంది. పాదం ఎత్తి పై దారం మొత్తం తీసి మళ్లీ ఎక్కించండి. అప్పటికీ పోకపోతే షటిల్ (బాబిన్ కూర్చునే భాగం) తీసి చూడండి. ఒక్క టర్కీ బిబ్ కుట్టేసరికే అక్కడ బూడిద రంగు నూగు ముద్దలా పేరుకుంటుంది. చిన్న బ్రష్‌తో దులిపి, ఒక చుక్క మిషన్ నూనె వేసి, పాత గుడ్డ మీద నాలుగు వరసలు కుట్టి నూనె మరక రావట్లేదని చూసుకున్నాకే బిబ్ పెట్టండి.

తిరగేశాక మెడ దగ్గర ముడతలు పడుతున్నాయి. కుట్టు సరిగ్గానే ఉంది మరి?

గాట్లు పెట్టకపోవడమే కారణం. మెడ వంపులో కోసిన అంచు కుట్టు గీత కంటే పొట్టిగా ఉంటుంది. తిప్పినప్పుడు అది పెద్ద వంపులోకి తెరుచుకోవాలి. తెరుచుకోలేక కుట్టుని లాగి ముడతపెడుతుంది. ప్రతి అర అంగుళానికి ఒక గాటు, కుట్టుకి ఒకటి రెండు మిల్లీమీటర్ల దగ్గరగా పెట్టండి. కింది మూలలు, పట్టీ కొసల బయటి వంపులో పరిస్థితి తిరగబడుతుంది, అక్కడ బట్ట ఎక్కువై ఉండలు కడుతుంది. కాబట్టి సన్నని త్రికోణాలు కోసి తీసేయాలి. గాటు కుట్టుని తాకితే అక్కడ రెండో కుట్టు లోపలగా వేసి సరిచేయొచ్చు. టర్కీ పొరని మాత్రం ముందు బట్ట కంటే ఇంకాస్త పొట్టిగా కోస్తే మెడ అంచు సన్నగా వస్తుంది.

మిషన్ లేదు. చేత్తో కుడితే ఆగుతుందా?

ఆగుతుంది. కచ్చా కుట్టు కాకుండా ప్రతి కుట్టుకీ సూది ఒక కుట్టంత వెనక్కి వెళ్లి దిగే బఖియా కుట్టు వేయండి. రెండు పేటల దారం, కుట్టుకి రెండు మిల్లీమీటర్లు. దారాన్ని మైనం మీద లాగితే టర్కీ నూగులో చిక్కుపడదు.

## మెడ బిగింపు

వెల్క్రో, టిచ్ బటన్, నాడా. ఏది మంచిది?

వెల్క్రో. ఎక్కడైనా చిక్కుకుని లాగినా దానంతటదే ఊడిపోతుంది, పిల్ల పెరిగేకొద్దీ సర్దుకోవచ్చు. నాడా ముడిపడితే ఊడదు, మెడకి బిగుసుకునే ప్రమాదం ఉంది కాబట్టి వద్దే వద్దు. చేత్తో కుట్టే టిచ్ బటన్ దారం తెగితే నోట్లోకి పోతుంది. మిషన్‌తో నొక్కి బిగించేవైతే పర్వాలేదు, అవి కూడా గట్టిగా లాగి చూసి వాడండి.

వెల్క్రో గరుకు ముక్క ఏ పట్టీ మీద కుట్టాలి? పాప మెడ ఎర్రబడుతోంది.

గరుకు ముక్క ముఖం ఎప్పుడూ చర్మానికి ఎదురుగా ఉండకూడదు. కింద ఉండే పట్టీ బయటి వైపు గరుకుది, పైన ఎక్కే పట్టీ లోపలి వైపు మెత్తనిది కుట్టండి. అప్పుడు కాస్త పక్కకి జరిగినా మెడకి తగిలేది మెత్తనిదే. ముక్క పొడవు 1.25, వెడల్పు 0.75 చాలు. నాలుగు మూలలూ కత్తెరతో గుండ్రం చేసి, చుట్టూ కుట్టు వేయండి. మూల పదునుగా వదిలితే అదే మెడని గీరుతుంది. జిగురు అంటించిన వెల్క్రో కొనకండి, సూదికి జిగురు పట్టి కుట్లు ఎగిరిపోతాయి.

ఎంత వదులుండాలి?

బిబ్ పెట్టాక మెడకి, బట్టకి మధ్య మీ రెండు వేళ్లు సులువుగా దూరాలి. నాలుగు దూరితే చొంగ లోపలికి కారుతుంది.

## వాడకం, ఉతుకు

ఎన్ని కుట్టి పెట్టుకోవాలి?

చొంగ బాగా కారే నెలల్లో రోజుకి ఆరేడు తడుస్తాయి, కాబట్టి ఎనిమిది. అన్నప్రాసన అయ్యాక తినిపించడానికి పెద్దవి ఇంకో నాలుగు. వానాకాలంలో ఆరవు కాబట్టి మరో మూడు అదనంగా ఉంటే ఇబ్బంది ఉండదు.

బిబ్ వేసుకునే నిద్రపోతోంది. తీయాలా?

తీయాలి, ప్రతిసారీ. నిద్రలో బిబ్ పైకి జరిగి ముక్కు మూతి మూయొచ్చు, మెడకి చుట్టుకోవచ్చు. కారులో, ఉయ్యాల్లో కునుకు తీసినా ఇదే పద్ధతి.

పప్పన్నం పసుపు మరక సబ్బు పెట్టగానే ఎర్రగా మారింది. బట్ట పాడైనట్టేనా?

పాడవలేదు. పసుపుకి సబ్బులోని క్షారం తగిలితే ఎర్రబడుతుంది, నీళ్లతో బాగా జాడిస్తే మళ్లీ పసుపు రంగుకి వస్తుంది. పప్పులో నెయ్యి ఉంటుంది కాబట్టి ముందు గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు రాసి జిడ్డు వదిలించండి. తర్వాత మామూలుగా ఉతికి తడిగానే నేరుగా ఎండలో వేయండి. పసుపు రంగు ఎండకి నిలవదు, రెండు మూడు ఎండలకి వెలిసిపోతుంది. పాలు కక్కిన మరకకి మాత్రం ముందు చన్నీళ్లు. వేడినీళ్లు పోస్తే పాల మరక బట్టలోనే గట్టిపడుతుంది.

ఉతికేకొద్దీ బిబ్‌లు అట్టల్లా గట్టిపడుతున్నాయి.

బోరు నీళ్లలో ఉతుకుతున్నారేమో చూడండి. ఆ నీళ్లలోని సున్నం సబ్బుతో కలిసి పోగుల మధ్య పేరుకుంటుంది. డిటర్జెంట్ తగ్గించి, చివరి జాడింపు నల్లా నీళ్లతో చేయండి. బకెట్‌లో పావు కప్పు తెల్ల వెనిగర్ కలిపి ఒకసారి జాడిస్తే ఆ పొర వదులుతుంది, తర్వాత మంచినీళ్లలో మరోసారి తీయాలి. బిబ్‌లకి గంజి పెట్టకండి. కంఫర్ట్ లాంటి మెత్తదనం ద్రవాలూ వద్దు, అవి పోగుల మీద పూతలా పట్టి తడి పీల్చే గుణాన్ని తగ్గిస్తాయి.

వెల్క్రో అంటుకోవడం లేదు. బిబ్ పారేయాలా?

ముందు గరుకు ముక్కలో ఇరుక్కున్న నూగు, వెంట్రుకలు గుండుసూదితో పీకి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. ఎక్కువసార్లు అంతటితోనే పట్టు తిరిగి వస్తుంది. కొక్కేలు నిజంగా విరిగిపోతే గరుకు ముక్క ఒక్కటే కుట్టు విప్పి మార్చండి, మెత్తనిది చాలాకాలం ఆగుతుంది. ఉతికేముందు రెండు ముక్కలనీ కలిపి అంటించి వేస్తే నూగు చేరదు, అదే బకెట్‌లో ఉన్న చున్నీకి, చీరకి పోగులు లేవవు.